రైతు టెక్నాలజీ తీసుకోడా, మీ పరికరం తీసుకోలేదా?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇదీ. ఊరు పశ్చిమ గోదావరిలోని ఉండి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. ముగ్గురు స్నేహితులు కలిసి, రొయ్యల చెరువులో ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత కొలిచి ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపే పరికరం తయారుచేశారు. నాన్నగారి చెరువులోనూ, తెలిసినవాళ్ళ చెరువుల్లోనూ ఒక పంట పాటు ఉచితంగా పెట్టారు. అందరూ బాగుందన్నారు. నెలకి ఇంత చందా అనేసరికి "చూద్దాంలెండి" అన్నారు. కారు కొనడానికి పెద్దగా ఆలోచించని గోదావరి రైతు టెక్నాలజీ అనేసరికి ఎందుకు వెనకాడతాడు, ఉద్యోగం మానేసి ఇందులోకి దిగొచ్చా అన్నది ఆయన ప్రశ్న.

నేను భీమవరం పక్కన నీళ్ళూ రొయ్యలూ పరీక్షచేసే చిన్న లాబ్ నడుపుతున్నాను. అంతకుముందు రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పనిచేశాను. మీ పరికరం గనక బాగా నడిస్తే నా లాబ్‌కి గిరాకీ తగ్గుతుంది. అది మనసులో పెట్టుకునే ఈ జవాబు చదవండి.

ముందుగా, మన రైతు టెక్నాలజీ తీసుకోడన్న మాట నేను ఒప్పుకోను. 1994, 95 ప్రాంతంలో వైట్ స్పాట్ వైరస్ రోగం వచ్చి టైగర్ రొయ్యని ఊడ్చేసింది. 2009లో వన్నామీ పెంపకానికి అనుమతి వచ్చింది. ఎక్కడో పసిఫిక్ తీరపు రొయ్య. తల్లి రొయ్యలు విమానంలో విదేశాల నుంచి వచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాతే హేచరీలకి చేరాలి. సీడుకి, అంటే పిల్ల రొయ్యలకి, రోగం ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష, చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా తాళ్ళు, లోపల నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు. ఇన్ని కొత్త పనులూ కొన్నేళ్ళలోనే నేర్చేసుకున్నారు. బడి మొహం సరిగ్గా చూడని పెద్దాయన కూడా మా లాబ్‌కొచ్చి "ఆల్కలినిటీ తగ్గిందండి, అమ్మోనియా ఎంతుందో చూడండి" అంటాడు. వరిలోనూ అంతే. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎమ్‌టీయూ 7029, మన డెల్టా దాటి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. ఆ తర్వాత వచ్చిన 1010 రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. ఆనకట్ట కట్టిన దొర పేరు మీద ధాన్యం బస్తా ఉన్న చోట, కొత్తదంటే భయపడే జనం ఉన్నారంటే నేను నమ్మను. బురద చేలో చక్రాల కోత మిషన్ దిగబడుతుందని తెలిశాక చైను మిషన్లు రప్పించుకున్నదీ వీళ్ళే.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. స్వర్ణ విత్తనం చల్లితే గింజ వచ్చింది. చైను మిషన్ దిగితే చేను కోసి గట్టున పోసింది. ఏరియేటర్ స్విచ్ వేస్తే నీళ్ళు కొట్టింది. ప్రతి ఒక్కటీ పని చేసి పెట్టింది. మీ పరికరం పని చెయ్యదు, కబురు చెబుతుంది. ఆ కబురు అందుకుని ఎవరో లేచి పని చెయ్యాలి. మీకు చందా రాకపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

కొంచెం వివరంగా చూద్దాం. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) పగలు నాచు వల్ల పెరుగుతుంది, రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మడ్డి అన్నీ కలిసి తినేస్తాయి. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య బాగా అడుక్కి దిగుతుంది. నాలుగు పీపీఎం (లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు) పైన ఉంటే నిశ్చింత. మూడు కిందకి వస్తే రొయ్య మేత మానేస్తుంది, ఇంకా దిగితే గట్టు వెంబడి తేలుతుంది. మబ్బు పట్టిన రోజు, నాచు ఒక్కసారిగా చచ్చిపోయి నీరు తేటపడిన రోజు మరీ ప్రమాదం. ఇదంతా రైతుకి తెలియనిది కాదు. అందుకే ఆయన ఏం చేస్తున్నాడు? చీకటి పడ్డాక ఏరియేటర్లన్నీ వేసేసి తెల్లారేదాకా ఆపట్లేదు. మీటరు లేకుండానే సమస్యని దాటేశాడు. ఇప్పుడు మీరు వెళ్ళి "మూడింటికి డీవో 3.4 ఉంది సార్" అంటే, "అన్నీ తిరుగుతూనే ఉన్నాయి కదండి, నన్నేం చెయ్యమంటారు?" అంటాడు. ఆ ప్రశ్నకి మీ యాప్‌లో జవాబు లేదు.

దీనికి మీరిచ్చే జవాబు నాకు తెలుసు. అనవసరంగా తిప్పకుండా కరెంటు మిగులుతుందంటారు. చేతి లెక్క వేద్దాం. రెండెకరాల చెరువు, నాలుగు టన్నుల రొయ్య. ఒక హెచ్‌పీ అయిదొందల కిలోల రొయ్యని మోస్తుందని మనవాళ్ళు వాడే లెక్క. అంటే 8 హెచ్‌పీ, రెండు హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు. ఒక్కొక్కటి గంటకి దాదాపు ఒకటిన్నర యూనిట్, నాలుగూ కలిపి 6 యూనిట్లు. రాయితీ కింద యూనిట్ రూపాయిన్నరకి వచ్చే రైతుకి గంటకి 9 రూపాయలు. మీ పరికరం పుణ్యమా అని రాత్రికి రెండు గంటలు ఆపితే 18 రూపాయలు మిగులుతుంది. వంద రాత్రుల పంటకి 1,800. ఆ 1,800 కోసం చెరువు పోయే భయం పెట్టుకోమంటే ఎవరు పెట్టుకుంటారు? రాయితీ వర్తించని వాళ్ళకి లెక్క వేరు, డీజిల్ మీద నడిపే గంటలకి మరీ వేరు. లీటరు డీజిల్‌కి మూడు యూనిట్లు వస్తే గొప్ప, అంటే యూనిట్ ముప్ఫై రూపాయల పైమాటే. కానీ జనరేటర్ నడిచే గంటల్లో మీ సలహా వినే ఓపిక ఎవరికీ ఉండదు.

అదే లెక్క మేత మీద వెయ్యండి. నాలుగు టన్నులకి మేత నిష్పత్తి, అంటే కిలో రొయ్యకి పట్టే మేత కిలోలు, 1.4 పడితే 5,600 కిలోల మేత. దాన్ని 1.3కి తెస్తే 400 కిలోలు తగ్గుతుంది. కిలో తొంభై అనుకున్నా 36,000 రూపాయలు. పంట ఖర్చులో సగానికి పైగా మేతే. మబ్బు రోజున, ఆక్సిజన్ తగ్గిన పూట రొయ్య తినదు. చల్లిన మేత అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది, మళ్ళీ ఆక్సిజన్‌నే తింటుంది. మేత మిగిలిందో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసి మేత తగ్గించాలని అందరికీ తెలుసు, కానీ వాన చినుకుల్లో పడవేసుకుని నాలుగు ట్రేలు చూసే ఓపిక ఎంతమందికి? "ఈ పూట మేత సగానికి తగ్గించండి" అని మీ పరికరం ఉదయం ఆరింటికి చెబితే, లేదా ఆటో ఫీడర్‌ని అదే తగ్గిస్తే, దానికి విలువ ఉంది. మీరు కొలిచేవి అవే అంకెలు, అమ్ముతున్న చోటు వేరు.

ఇక మా లాబ్‌ల సంగతి. మీ అసలు పోటీ ఇంకో సెన్సార్ కంపెనీ కాదు, మేమే. ఈ ప్రాంతంలో చాలా చోట్ల నీటి పరీక్ష నామమాత్రపు రుసుముకో, ఊరికేనో చేస్తారు. రైతు పొద్దున్నే సీసాలో నీళ్ళు తెస్తాడు, అరగంటలో కాగితం చేతికిస్తాం. ఆ కాగితం కింద మినరల్స్, జియోలైట్, ప్రోబయాటిక్ ఏది ఎంత వెయ్యాలో రాసి ఉంటుంది, ఆ సరుకు పక్క గదిలో దొరుకుతుంది. డబ్బు అక్కడ వస్తుంది. ఇది మంచి పద్ధతని నేను అనను. అవసరం లేని మందులు చెరువుల్లోకి పోవడానికి సగం కారణం ఇదే. కానీ దీనివల్ల సమాచారం అనేది ఊరికే వచ్చే వస్తువని రైతు మనసులో స్థిరపడిపోయింది. మీరు అదే వస్తువుకి నెలనెలా డబ్బు అడుగుతున్నారు.

నెలనెలా అన్నది మరో చిక్కు. మీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది కాబట్టి చందా అంటే అలా తోచింది. చెరువు మీద డబ్బు పట్టుబడి నాడు, అంటే రొయ్య పట్టి అమ్మిన రోజున వస్తుంది. అప్పటిదాకా సీడు అప్పు, మేత అప్పు, మందులు అప్పు, లీజు మాత్రం ముందే. పంట మధ్యలో చేతిలోంచి రొక్కం తీసే పని ఏదైనా రైతుకి బరువే, అది మూడొందలైనా సరే. పంటకింత అని పెట్టి, పట్టుబడి అయ్యాక తీసుకోండి. పంట పోతే మీ డబ్బూ పోతుంది, నిజమే. మేత అప్పిచ్చే డీలరు ఆ లెక్క ముందే వేసుకుని మేత రేటులో కలుపుకుంటాడు, అందుకే రొక్కం రేటు, అప్పు రేటు వేరుగా ఉంటాయి. ఆ రిస్క్ మోయకుండా ఈ వ్యాపారంలో ఎవరూ లేరు.

డీలరు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీ కబురుకి నిజంగా డబ్బిచ్చేది ఆయనే కావచ్చు. పది, పదిహేను చెరువుల మీద లక్షల మేత అప్పిచ్చి కూర్చున్న మనిషికి ఏ చెరువులో నీరు తిరగబడిందో ముందే తెలియడం చాలా పెద్ద విషయం. పరిశ్రమలో వేరే చోట్ల ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కానీ ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. డీవో రెండు రోజులు వరసగా దిగిందని డీలరుకి తెలిస్తే ఆయన మేత ఆపేస్తాడు, లేదా "పట్టెయ్యండి, రేటు ఎంతొస్తే అంతకి" అంటాడు. ఇంకో పదిహేను రోజులు ఆగితే కిలోకి 60 తూగే కౌంటు నుంచి 50కి వచ్చే రొయ్యని రైతు తక్కువకి తెగనమ్ముకోవాల్సి వస్తుంది. చెరువు రైతుది, అంకెలూ రైతువే. ఆయన ఒప్పుకుని, ఏ అంకె ఎవరికి వెళ్తుందో తెలిసి ఇస్తేనే డీలరుకి ఇవ్వండి. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. ఒక్క రైతుకి ఇలా జరిగిందని తెలిస్తే టీ కొట్టు దగ్గర సాయంత్రానికి మండలమంతా తెలుస్తుంది, మీ పెట్టెలన్నీ మర్నాడు గట్టు మీద ఉంటాయి.

కబురు ఒక్కటే చాలదనడానికి మొన్నటి ఉదాహరణ ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, రొయ్యకి పాత యాంటీ డంపింగ్ సుంకాలు దానికి అదనం. ఆ వార్త ప్రతి రైతు ఫోన్‌లోకీ వాట్సాప్‌లో క్షణాల్లో వచ్చేసింది. తెలిసి ఏం చెయ్యగలిగారు? చెరువులో ఉన్న రొయ్యని నెల తర్వాత అమ్ముకుందామంటే రోజూ మేత పెట్టాలి, దాంతో పాటు రోగం భయం. పెద్ద సైజు రొయ్య కోసం పెంచుతున్నవాళ్ళకి మరీ దెబ్బ. సొంత కోల్డ్ స్టోరేజీ ఉన్న ఎగుమతిదారుకి ఆ కబురు పనికొచ్చింది, రైతుకి టెన్షన్ మిగిల్చింది. ఇదంతా మీ తప్పని కాదు. ఎవరి చేతిలో మీట ఉందో వాళ్ళకే కబురు అమ్ముడుపోతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీట అనగానే మీరు పూర్తిగా వదిలేసిన మనిషి గుర్తొచ్చాడు. రాత్రి చెరువు మీద ఉండేది యజమాని కాదు. యజమాని భీమవరంలోనో, మీ ఇంటి సంగతి తీసుకుంటే కొడుకు హైదరాబాద్‌లోనో నిద్రపోతుంటారు. షెడ్డులో ఉండేది జీతానికి ఉన్న మనిషి, చాలాసార్లు శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడు. స్టార్టర్ బోర్డు ఆయన చేతికి అందేంత దూరంలో ఉంటుంది. మీ అలర్ట్ మాత్రం యజమాని ఫోన్‌కి, అదీ ఇంగ్లీషులో వెళ్తుంది. ఆయన లేచి ఫోన్ చేసి తిడతాడు. పది రోజులు ఇలా జరిగితే ఆ పరికరం తన నిద్ర లెక్కపెట్టడానికి పెట్టారని షెడ్డులో మనిషికి అర్థమవుతుంది. తర్వాత ఒకరోజు ప్రోబ్ తీగ "ఎలకలు కొరికేశాయండి" అంటాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పగలు మేత చల్లి, మినరల్స్ మోసి, రాత్రి కాపలా కాసే మనిషికి ఒక్కటే జీతం. మీ పరికరం వల్ల ఆయన రెండు గంటలు హాయిగా పడుకోగలిగితే దాన్ని ఆయనే కాపాడతాడు. ఫోన్ కాదు, షెడ్డు మీద సైరన్, గట్టు మీంచి కనిపించే ఎర్ర లైటు పెట్టండి.

ప్రోబ్ గురించి మీరే ఎక్కువ తెలిసినవాళ్ళు, అయినా ఒక మాట. మన చెరువులో ఏ వస్తువు పెట్టినా కొన్ని రోజులకే జిగురు, నాచు పట్టేస్తాయి. నరసాపురం, మొగల్తూరు, అటు అల్లవరం, కాట్రేనికోన వైపు ఉప్పునీటిలో గవ్వలూ అంటుకుంటాయి. తుడవని ప్రోబ్ ఉన్న ఆక్సిజన్ కంటే తక్కువ చూపిస్తుంది, సైరన్ ఊరికే మోగుతుంది. రెండుసార్లు ఊరికే మోగిన సైరన్‌ని మూడోసారి ఎవరూ పట్టించుకోరు. పైగా ప్రోబ్ ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. ఏరియేటర్ ముందు ఒక అంకె, మూలన ఒక అంకె, మడ్డి చేరే నడిమధ్య అడుగున ఇంకో అంకె. రొయ్య ఉండేది అడుగునే. ఉచిత ట్రయల్‌లో మీరే వెళ్ళి తుడిచి ఉంటారు. వంద చెరువులకి ఎవరు తుడుస్తారు? ఆ మనిషి జీతం, బండి పెట్రోలు మీ ధరలో ఉన్నాయా?

నన్ను అడిగితే మీ పరికరంలో మొదట అమ్ముడుపోయే భాగం డీవో అంకె కాదు. కరెంటు పోవడం. ఒక ఫేజ్ పోయి మోటార్లు గుర్రుమంటూ ఆగిపోవడం. నాలుగు టన్నులున్న చెరువులో అర్ధరాత్రి దాటాక ఏరియేటర్లు ఆగితే గంట, రెండు గంటల్లో అయిపోతుంది వ్యవహారం. ఆ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. కాబట్టి ఫేజ్ పోగానే సైరన్ మోగించి, జనరేటర్ దానంతటదే స్టార్ట్ చేసి, ఏరియేటర్లని ఒక్కొక్కటిగా ఎక్కించి, జనరేటర్ లేవకపోతే అప్పుడు మాత్రమే యజమానికి కాల్ చేసే పెట్టె తయారుచెయ్యండి. కాల్ అంటే కాల్, నోటిఫికేషన్ కాదు. దాంట్లో డీవో కూడా ఉంటే, తక్కువైనప్పుడు ఆగి ఉన్న ఏరియేటర్‌ని అదే వేస్తే, అప్పుడు మీది పని చేసే మిషన్ అవుతుంది. విడివిడిగా ఇవన్నీ కొంతమంది దగ్గర ఉన్నాయి. ఒకటిగా, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా, మన వోల్టేజీకి కాలిపోకుండా ఉన్నది నా కంటపడలేదు.

ఆ పెట్టె పాడైతే బాగుచేసేది ఊళ్ళో మోటార్లు చుట్టే మెకానిక్ అయ్యుండాలి. ఏరియేటర్లు ఇంతగా పాకడానికి సబ్సిడీ కంటే ఈ మెకానిక్ పెద్ద కారణం. మోటారు కాలితే సాయంత్రానికి చుట్టి ఇస్తాడు. మీ బోర్డు కాలితే హైదరాబాద్‌కి కొరియర్ చేసి వారం ఆగమంటారు. చెరువుకి వారం అంటే చాలా కాలం. ఆ మెకానిక్‌లకే నేర్పించి, విడి భాగాలు వాళ్ళ దగ్గరే పెట్టి, అమ్మకం మీద కొంత వాళ్ళకే ఇవ్వండి. మీ తరఫున రైతుకి నచ్చచెప్పేదీ వాళ్ళే.

ఇంకో దారి కూడా ఉంది కానీ దాని గురించి ఎక్కువ చెప్పను, నా అనుభవం తక్కువ. 2016లో యూరప్ మన రొయ్య కన్సైన్‌మెంట్లలో యాంటీబయాటిక్ పరీక్ష చేసే వాటాని సగానికి పెంచింది. ఏ చెరువు సరుకు, ఏం మేత, ఏం మందు వాడారన్న రికార్డు ఎగుమతిదారుకి కావాలి. రైతు దగ్గర మేత పుస్తకం ఉంటుంది, అందులో సగం రోజులు ఖాళీ. దీనికి డబ్బిచ్చేది ఎగుమతి కంపెనీ, రైతు కాదు.

ఉద్యోగం మానెయ్యాలా అంటే, ముగ్గురూ ఒకేసారి వద్దు. ముగ్గురిలో ఎవరికి ఇక్కడ ఇల్లుందో, ఎవరికి దోమలతో పేచీ లేదో ఆ ఒక్కరు ఒక వేసవి పంట మొత్తం చెరువు షెడ్డులో ఉండాలి, మిగతా ఇద్దరి జీతంలోంచి ఆయనకి పంపాలి. సీడు వేసిన దగ్గర్నుంచి పట్టుబడి లారీ కదిలేదాకా. ఆ పెట్టె నాన్నగారి చెరువులో పెట్టుకోండి, కానీ నాన్నగారు ఇచ్చిన డబ్బు అమ్మకం కింద రాసుకోకండి. పక్క చెరువాయన పట్టుబడి నాడు ఇస్తే రాసుకోండి. ఆ పంట ఖర్చులన్నీ, ముఖ్యంగా ప్రోబ్‌లు తుడిచిన మనిషి జీతం కలిపి, ఒక కాగితం మీద వేసి ఇక్కడ పెట్టండి. చూసి నాకు తోచింది చెబుతాను.